గంధం కింద అంకె

ఆయుధపూజ రోజున వెంకటపతి ఇంట్లో కూరగాయలు తరగరు. ముందురోజే తరిగి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. కత్తి, కత్తిపీట, కొబ్బరికోరు, కత్తెర, ఆఖరికి గోళ్లు తీసుకునేది కూడా తెల్లవారేసరికి హాల్లో పరిచిన ఎర్రగుడ్డ మీదికి చేరిపోతాయి. అయినా వాటికి వెనక వరుసే. ముందు వరుస ఆయన పనిముట్లది. గంధం, కుంకుమ పెట్టించుకుని, తలా ఒక బంతిపువ్వు నెత్తిన పెట్టుకుని, మరునాడు విజయదశమి పొద్దున పునఃపూజ అయ్యేదాకా అవి కదలవు. కదిలించే ధైర్యం ఎవరికీ లేదు. ఆయనకు అసలే లేదు.

తిరువొత్తియూరులో ఒక ఫ్యాక్టరీలో ముప్పై రెండేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. కోడంబాక్కంలో రెండో అంతస్తులో ఇల్లు. ఊరికే కూర్చుంటే తోచక, మనవరాలి పాత కంప్యూటరు విప్పడంతో మొదలుపెట్టి, ఆరేళ్లలో ఆ వీధిలో సగం కంప్యూటర్లు తన చేత్తో విప్పి బిగించాడు. మొదటిసారి మాత్రం బోర్డు పగలగొట్టాడు. ముప్పై రెండేళ్లు బాయిలర్ నట్లు బిగించిన చెయ్యి, అగ్గిపుల్ల తలంత స్క్రూకి ఎంత బలం కావాలో దానికేం తెలుసు! ఆ తర్వాత నేర్చుకున్నాడు. ఇంట్లో నలభై పనిముట్లున్నా ఆయన పని ఏడింటితోనే. ప్లస్ గుర్తు మొనల స్క్రూడ్రైవర్లు మూడు, సన్న మొన చిమటా, వైర్లు కత్తిరించే చిన్న కట్టరు, క్లిప్పులు లేపే ప్లాస్టిక్ బద్ద, దుమ్ము దులపడానికి పక్కింటి సినిమా మేకప్ మనిషి ఇచ్చిన మెత్తని బ్రష్షు. ఏదైనా కొత్తగా కొనాలంటే దుకాణంలో అరగంట నిలబడతాడు. మొన స్క్రూ గాడిలో కూర్చోవాలి, ఊగకూడదు. వెంట్రుకవాసి ఊగినా కింద పెట్టేస్తాడు. కొట్టువాళ్లలో నవ్వుకునేవాళ్లు నవ్వుకుంటారు, తిట్టుకునేవాళ్లు తిట్టుకుంటారు.

పూజలో ఉన్న పనిముట్టు ముట్టరాదనడానికి ఆయన దగ్గర ఒక కథ ఉంది. ముప్పై ఏళ్ల కింద ఇదే రోజున, పూజ అయిన మధ్యాహ్నం, ఫ్యాక్టరీలో పంపు బెల్టు మీద మూతలా ఉండే గార్డు వదులై టకటకమని కొట్టుకోసాగింది. పంపు ఆపితే పక్క షెడ్డు ఆగుతుంది. నడుస్తుండగానే బిగించమన్నాడు సూపర్‌వైజరు. పూజలోంచి స్పానర్ తీశారు. గోపాలయ్య బిగించబోయాడు, స్పానర్ జారింది, కుడిచేతి రెండు వేళ్లు బెల్టులో పోయాయి. గోపాలయ్య ఆయన జోడీ, పదేళ్లు ఒకే బల్ల మీద అన్నం తిన్న మనిషి. "అమ్మవారి దగ్గరున్నది తీస్తే ఊరుకుంటుందా?" అంటాడు వెంకటపతి కథ చివర. వినేవాళ్లు చెంపలు వేసుకుంటారు. ఆ కథలో ఒక ముక్క మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్న అమ్మణికి కూడా.

ఈ ఏడాది పూజ నాడు మూడుంబావుకి తలుపు కొట్టింది కింది అంతస్తు జనని. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"మామా, కంప్యూటరు ఆన్ చేస్తే రెండు నిమిషాలు ఉంటాది, టప్పని ఆఫ్ అయిపోతాది. నాలుగుసార్లు చూసినా. ఆరు గంటలకు పంపించేసెయ్యల్ల మామా. అంతా దాంట్లోనే ఉండాది."

జనని సీరియళ్లకు తెర కింద పడే మాటలు రాస్తుంది, ఒక భాషలో మాట్లాడితే ఇంకో భాషలో. రెండేళ్లు వేరేవాళ్ల పేరు కింద రాసి రాసి, ఈమధ్యే తన పేరు మీద ఒక సీరియల్ దక్కించుకుంది. మొదటి ఆరు భాగాలు ఈరోజు సాయంత్రం ఆరుకల్లా ముంబయి వాళ్లకు చేరాలి. వాళ్లకు ఈ పండగ లేదు, ఈ సెలవు లేదు. ఆలస్యమైతే ఆ పని చేతిలోకి తీసుకోవడానికి ఇంకో నలుగురు సిద్ధంగా ఉన్నారు. ఈ సంగతి వెంకటపతికి బాగా తెలుసు. ఆ కంప్యూటరు జూన్‌లో తన చేతులతో బిగించి ఇచ్చాడు. మద్రాసు ఎండకు గాలి ఆడాలని పట్టుబట్టి, పైమూత జల్లెడలా ఉన్న పెట్టె ఏరి తెప్పించాడు. పొద్దున తొమ్మిదికి, పెద్దవాడు తనే చెయ్యాలని జనని ఇంట్లోవాళ్లు పిలిస్తే, దానికి బొట్టు పెట్టి, గుప్పెడు అక్షింతలు వేసి దీవించి వచ్చింది కూడా ఆయనే.

"పూజ పెట్టినదాన్ని ఎందుకే ఆన్ చేసినావు?" అంది అమ్మణి. తిట్టినట్టు కాదు, భయపడినట్టు.

"చివరిగా ఒకతూరి చూసుకొని పంపించేస్తామని అత్తా..." జనని చెంపలు వేసుకుంది. "పూజ నాడు ఆన్ చేసింది తప్పే. సామికి కోపం వచ్చేసింది."

వెంకటపతి కిందికి దిగి చూశాడు. బటన్ నొక్కితే దీపాలు వెలిగాయి, తెర వచ్చింది, గడియారం చూస్తుండగానే అంతా చచ్చిపోయింది. పెట్టె మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. లోపల ఏదో కాగుతోంది. తెరిస్తే తెలుస్తుంది. తెరిచినా బాగుకాకపోతే, కనీసం డిస్కు ఊడదీసి వేరే కంప్యూటరుకు పెట్టి ఫైళ్లు కాపాడొచ్చు. ఏదైనా సరే, ముందు పక్కమూత తెరవాలి.

మూతకు వెనక నాలుగు స్క్రూలు. వేళ్లతో తిప్పే రకమే. అయితే జూన్‌లో వాటిని బిగించింది ఫిట్టరు. వేళ్లతో బిగిస్తే ఆయనకు మనసు ఒప్పలేదు, డ్రైవరు పెట్టి కిర్రుమనేదాకా తిప్పాడు. ఇప్పుడు వేళ్లకు అవి కదల్లేదు. జనని ఇంతకుముందే రూపాయి బిళ్ల పెట్టి ప్రయత్నించినట్టుంది, ఒకదాని గాడి అంచు అరిగి మెరుస్తోంది. ఇంకో రెండుసార్లు జారితే ఆ గాడి ఉండదు.

"మామా, పైన ఉండాయి గదా మీ డ్రైవర్లు. ఒక్కటే ఒక్కటి. రెండు నిమిషాలు. సామి దగ్గర నేను మొక్కుకొంటా."

వెంకటపతి పైకి వెళ్లాడు. ఎర్రగుడ్డ ముందు నిలబడ్డాడు. రెండో నంబరు డ్రైవరు మొదటి వరుసలో మూడోది. పిడి మీద గంధం ఎండి పగుళ్లిచ్చింది. చెయ్యి చాచాడు.  కళ్ల ముందు డ్రైవరు లేదు, గంధం పూసిన స్పానర్ ఉంది, దాన్ని అందుకుంటున్న గోపాలయ్య చెయ్యి ఉంది, అప్పటికి ఐదు వేళ్లతో.

"వద్దండీ," అంది అమ్మణి వెనకనుంచి. "ఒకతూరి చూసినాం గదా. చాలు."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సిగ్గేసింది. కింద ఒక ఆడపిల్ల బతుకు గడియారం ముల్లు మీద నడుస్తుంటే, పైన తను బంతిపూలకు భయపడి నిలబడ్డాడు. స్క్రూల డబ్బాలోంచి అదే రకం స్క్రూ ఒకటి తీసి జేబులో వేసుకుని, చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. మూడూ యాభై.

వీధినిండా పగిలిన గుమ్మడికాయలు, కుంకుమ నీళ్లు. ఆటోలకు అరటిపిలకలు, బంతిదండలు. కొట్లన్నీ పొద్దునే పూజ కానిచ్చి షట్టర్లు దించేశాయి. మెకానిక్ షెడ్డు మూత, కరెంటు సామాన్ల కొట్టు మూత. రైలు స్టేషన్ దారిలో మూడో హార్డ్‌వేర్ కొట్టు ఆరోగ్యసామిది. అతను ఆదివారం చర్చికి వెళతాడు, ఆయుధపూజ నాడు కొట్టు ముందు గుమ్మడికాయా కొడతాడు. షట్టరు సగం దించి, లోపల స్టూలు మీద కూర్చుని మరమరాలు, శెనగపప్పు తింటున్నాడు.

"ఇవాళ వ్యాపారం లేదు సార్," అన్నాడు అరవంలో. "తక్కెడ, కటింగ్ ప్లయర్, అన్నీ పూజలో ఉన్నాయి."

"నీ పనిముట్లు వద్దు. అమ్మకానికున్నది ఒకటి కావాలి. రెండో నంబరు ప్లస్."

ఆరోగ్యసామి ఒక క్షణం నమిలి ఆలోచించాడు. అమ్మకానికున్నది సరుకే గానీ పనిముట్టు కాదు. సరుకుకు పూజ చెయ్యలేదు. ఈ లెక్క ఇద్దరికీ నచ్చింది. వెంకటపతి షట్టరు కిందినుంచి వంగి లోపలికి దూరాడు.

మొదట ఇచ్చింది పది మొనలు మార్చుకునే సెట్టు. మెరిసిపోతోంది. వెంకటపతి జేబులోంచి స్క్రూ తీసి మొనకు పెట్టాడు. మొన గాడిలో బాగానే కూర్చుంది, కానీ మొనే పిడిలో లొడలొడలాడుతోంది. పక్కన పెట్టాడు. రెండోది ఎర్ర పిడిది. సరిగ్గా కూర్చుంది. షట్టరు ఇనుము మీద మొన ఒకసారి రుద్ది చూస్తే అంచు తెల్లగా మెరిసింది. మెత్తని ఇనుము. బిగుసుకున్న స్క్రూ మీద పెడితే స్క్రూ తిరగదు, ఇదే అరిగిపోయి గాడిని కూడా తినేస్తుంది.

"సార్, అదే చాలు సార్. ఒక స్క్రూకి ఇంత పరీక్షా?"

"చాలదు."

గోడ గడియారం నాలుగూ పది. అయినా చేతులు తొందరపడలేదు. తొందరపడి అందుకున్న పనిముట్టు ఏం చేస్తుందో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆరోగ్యసామి విసుక్కుంటూ నిచ్చెనెక్కి, దుమ్ముపట్టిన పెట్టెలోంచి పాత సరుకొకటి తీశాడు. పొడుగు కడ్డీ, నల్లని మొన. స్క్రూ పెట్టి అడ్డంగా పట్టుకుంటే స్క్రూ పడిపోలేదు, ఊగలేదు. ఇనుము మీద రుద్దితే మొనకు గీత కూడా పడలేదు. పిడి మీద అంకె ఉండాల్సిన చోట ధర చీటీ అంటించి ఉంది. వెంకటపతి దాన్ని గోటితో గీకసాగాడు.

"కుదిరింది గదా సార్! అంకె దేనికి?"

ఆయన గీకుతూనే ఉన్నాడు. చీటీ పూర్తిగా లేచి కింద రెండు అనే అంకె కనబడ్డాకే వదిలాడు.

తిరిగి వచ్చేసరికి నాలుగూ నలభై. పండగ జనం మధ్య పరుగెత్తే వయసు కాదు, అయినా పరుగులాంటిదే చేశాడు. జనని తీగలన్నీ ఊడదీసి పెట్టెను నేలమీద పడుకోబెట్టింది. అమ్మణి కూడా దిగి వచ్చి గుమ్మంలో నిలబడింది. డ్రైవరు వైపు అనుమానంగా చూసింది.

మొదటి స్క్రూ. బరువంతా మొన మీద మోపి, ముందు వెంట్రుకవాసి బిగించి, ఆ తర్వాత వదులు చేశాడు. కిర్రుమని వచ్చింది. రెండోది వచ్చింది. మూడోదీ వచ్చింది. నాలుగోది, జనని రూపాయి బిళ్లకు బలైనది, కదల్లేదు. మొన గాడిలోంచి పైకి లేస్తున్నట్టు అరచేతికి తెలిసింది. ఆగిపోయాడు. ఇంకొక్కసారి లేచిందంటే గాడి ఉండదు, డ్రిల్లుతో తొలచాలి. డ్రిల్లు కూడా పైన బంతిపువ్వు పెట్టుకుని కూర్చుంది.

"రబ్బరుబ్యాండు ఉండాదా? వెడల్పుది."

జనని జడకున్నది లాగి ఇచ్చింది. సన్నది. అమ్మణి లోపలికి వెళ్లి కొత్తిమీర కట్టకున్నది పట్టుకొచ్చింది. వెంకటపతి మొనకు పట్టు దొరికేలా దాన్ని గాడి మీద పరిచి, దాని మీదుగా మొన దింపి, రెండు చేతులతో నొక్కాడు. ఊపిరి బిగబట్టాడు.  వీధిలో ఎవరో ఇంకో గుమ్మడికాయ పగలగొట్టిన చప్పుడుకు జనని ఉలిక్కిపడింది. డ్రైవరు ఒక చుట్టులో పావువంతు తిరిగింది, ఆ వెంటనే స్క్రూ దానితోపాటు తిరిగింది.

మూత లాగాడు. వంగి చూశాడు.

ప్రాసెసర్ నెత్తిన ఉండే ఫ్యాను రెక్కకూ దాని చట్రానికీ మధ్య పసుపుపచ్చని బియ్యపుగింజ ఒకటి ఇరుక్కుని ఉంది. నెయ్యి, పసుపు, గంధం తడికి ఉబ్బి, మేకులా దిగబడింది. ఇంకో నాలుగు గింజలు బోర్డు మీద అక్కడక్కడా పడి ఉన్నాయి. ఫ్యాను తిరగక, ప్రాసెసర్ కాగి, తనను తాను కాపాడుకోవడానికి ఆపేసుకుంటోంది. అంతే. జల్లెడ మూత మీద గుప్పెడు అక్షింతలు వేసింది ఎవరో ఆ గదిలో ఒక్క వెంకటపతికే ఆ క్షణాన తెలుసు. ఆయన వీపు మిగతా ఇద్దరికీ అడ్డంగా ఉంది.

చిమటా పూజలో ఉంది. పిన్నీసు పెట్టి పొడిస్తే జారి బోర్డు మీద గీత పడుతుంది. "గేటు దగ్గర తోరణానికి తెచ్చిన కొబ్బరిమట్ట మిగిలుండాది గదా, ఒక ఈనె చీల్చుకొని రా," అన్నాడు. జనని పరుగెత్తి తెచ్చింది. పచ్చి ఈనె మొన నలిపి చదును చేసి, రెక్కల సందుల్లోంచి దూర్చి, గింజ కిందికి పోనిచ్చి మెల్లగా ఎత్తాడు. ఒకసారి జారింది. రెండోసారి జారింది. ఐదూ ఐదు. మూడోసారి గింజ టక్కున ఎగిరి ఆయన అరచేతిలో పడింది. వేలితో తట్టగానే ఫ్యాను తిరిగింది. బోర్డు మీది గింజలు కూడా ఒక్కొక్కటే ఈనెతో తీసి, అన్నీ గుప్పిట్లో పెట్టుకున్నాడు.

తీగలు పెట్టి బటన్ నొక్కారు. రెండు నిమిషాలు. మూడు. ఐదు. ఫ్యాను సన్నగా పాడుతూనే ఉంది. జనని కుర్చీ లాక్కుని కూర్చుని, ఇంకెవరూ లేనట్టు పనిలో పడింది. ఫైళ్లు ఒక్కొక్కటే పైకి ఎక్కుతుంటే అమ్మణి అర్థం కాకపోయినా తెర వైపే చూస్తూ చేతులు జోడించుకుంది. ఐదూ నలభై ఎనిమిదికి ఆరో ఫైలు చేరింది. జనని బల్ల మీద తల పెట్టి ఏడ్చేసింది.

"ఇంక జన్మలో పూజ నాడు ఆన్ చెయ్యను మామా. తప్పయిపోయింది. సామి కరుణించింది."

"అవునే," అంది అమ్మణి. "రేపు పోయి కొబ్బరికాయ కొట్టేసి రా."

వెంకటపతి గుప్పిట బిగించుకుని నిలబడ్డాడు. ఎంత సులువు! నోరు మూసుకుంటే చాలు. ఈ తప్పు ఆ పిల్ల మీద, ఆ కోపం అమ్మవారి మీద వేసి, తను మెట్లెక్కి వెళ్లి కాఫీ తాగొచ్చు. ఆ పిల్ల బతికినన్నాళ్లూ ఈ రోజును తలుచుకుని చెంపలు వేసుకుంటుంది. ఒకసారి ఇలాగే చేశాడు. ముప్పై ఏళ్లు హాయిగా జరిగిపోయింది. హాయిగానా? ఒక్క పండగైనా హాయిగా జరిగిందా?

గుప్పిట తెరిచాడు.

"సామికి కోపమూ లేదు ఏమీ లేదమ్మా. ఇది చూడు. పొద్దున నేను ఏసిన అక్షింతలు. జల్లెడ మూత నేనే తెప్పించినా, దాని మీద గుప్పెడు నేనే ఏసినా. నీది ఏ తప్పూ లేదు. నువ్వు పని చేసుకొన్నావు, అంతే."

జనని కళ్లు తుడుచుకుని గింజల వైపు చూసింది, ఆయన వైపు చూసింది. నవ్వాలో ఏడవాలో తెలియక "మామా!" అని మాత్రం అంది.

అమ్మణి నవ్వలేదు. పెళ్లయి ముప్పై ఆరేళ్లయిన మనిషి, మొగుడి గొంతు ఎక్కడ వణికిందో పట్టేసింది. "అట్లయితే గోపాలయ్యన్న వేళ్లు ఎట్ల పోయినాయి?" అని అడిగింది మెల్లగా.

ఆయన అక్కడే నేలమీద కూర్చున్నాడు. "ఆ నట్టుకు పదిహేడో నంబరు స్పానర్ కావల్ల. పూజలోంచి తీసిచ్చింది నేనే. స్పానర్ మీద అంకె ఉండే చోట గంధం పూసి ఉండాది. తుడిస్తే అపచారమని తుడవలేదు. అంకె చూడకుండానే చేతికిచ్చేసినా. అది పద్దెనిమిది. నట్టు మీద నిలవలేదు, జారింది. ఆసుపత్రినుంచి వచ్చినాక తుడిచి చూసినా. అమ్మవారు ఏమీ చెయ్యలేదు అమ్మణీ. నేను చేసినా."

 అమ్మణి కొంగున దోపుకున్న ఫోను తీసి ఆయన ముందు నేలమీద పెట్టింది.

గోపాలయ్య తిరువొత్తియూరులోనే ఉంటున్నాడు. రెండో మోతకే తీశాడు. "ఏందప్పా వెంకటపతీ, పండగ నాడు జ్ఞాపకం వచ్చినానా?"

వెంకటపతి ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. గంధం, అంకె, పదిహేడు, పద్దెనిమిది. అవతల టీవీ చప్పుడు వినిపించింది. ఎవరో దాన్ని తగ్గించారు.

"తెలుసులేప్పా," అన్నాడు గోపాలయ్య.

"తెలుసా?"

"పట్టుకొనింది నా చెయ్యే గదా. నట్టు మీద పెడతానే ఆడింది. సూపర్‌వైజరు నెత్తిన నిలబడి ఉండాడని సరిపెట్టుకొని తిప్పినా. ఆడ నా తప్పూ ఉండాది."

"మరి ఇన్నేండ్లు ఒక్క మాట అడగలేదేమప్పా?"

"అడిగితే అవును అంటావు, అంతే గదా. నువ్వుగా చెప్తావని చూసినా. ప్రతి ఆయుధపూజకూ చూసినా."

వెంకటపతి ఫోను చెవికి పెట్టుకునే ఏడ్చాడు. జనని చూస్తోందన్న సిగ్గు కూడా లేదు. అమ్మణి ఫోను ఆయన చేతిలోంచి తీసుకుంది.

"అన్నా, రేపు మా ఇంటికి భోజనానికి రాండి," అంది. "పూజ అయినాక ఈయన పనిముట్లు మీరే ఎత్తి ఇయ్యల్ల."